ఒకే ఎలివేషన్, ముప్పై ఇళ్లు

టెర్రస్ అనగానే మనకు గుర్తొచ్చేది హాస్టల్ డాబా. తీగల మీద ఆరేసిన బట్టలు, నీళ్ల ట్యాంకులు, పరీక్ష ముందు రాత్రి జిరాక్సులు పట్టుకుని అటూ ఇటూ తిరిగే జనం. ఇంగ్లండులో ఎవరైనా "మేం టెర్రస్‌లో ఉంటాం" అంటే డాబా మీద ఉంటారని కాదు. మధ్యలో సందు వదలకుండా, ఒకరి గోడకు ఒకరు ఆనుకుని, వీధి పొడవునా వరసగా కట్టిన ఇళ్లను వాళ్లు టెర్రస్ అంటారు. మన భాషలో చెప్పాలంటే ఉమ్మడి గోడల ఇళ్ల వరస.

ఇలాంటి వరసలు ఆ దేశంలో లెక్కలేనన్ని. గని కార్మికుల కోసం కట్టినవి, మిల్లు కూలీల కోసం కట్టినవి, ప్రభువుల కోసం కట్టినవి అన్నీ ఉన్నాయి. ఈ వ్యాసంలో ఒక్కదాన్నే తీసుకుంటాను. బాత్ నగరంలోని రాయల్ క్రెసెంట్. ఎలెక్టివ్‌లో భాగంగా దీని ఎలివేషన్ గీయాల్సి వచ్చి మొదలుపెట్టాను. గీస్తున్నకొద్దీ ఎలివేషన్ కంటే దాని వెనకాల ఉన్న సంగతి ఎక్కువ పట్టుకుంది. నేను బాత్ వెళ్లలేదు. నాకున్నవి ప్లాన్లు, ఫోటోలు, ఇంకా స్ట్రీట్ వ్యూ. ఈ సంగతి అర్థం కావడానికి అవి చాలు.

బాత్ ఇంగ్లండు నైరుతి భాగంలో, ఏవన్ నది ఒడ్డున ఉంది. అక్కడ వేడినీటి బుగ్గలున్నాయి. రోమన్లు వాటి చుట్టూ స్నానశాలలు కట్టారు. 18వ శతాబ్దానికి అది డబ్బున్నవాళ్ల విడిది ఊరైంది. ఒంట్లో బాగాలేదనే వంకతో వచ్చి, నీళ్లు తాగి, పేకాట ఆడి, సంబంధాలు మాట్లాడుకుని సీజన్ అయ్యాక వెళ్లిపోయేవాళ్లు. వాళ్లకు అద్దెకు ఇళ్లు కావాలి, ఆ ఇళ్లు వాళ్ల హోదాకు తగ్గట్టు కనిపించాలి. విడిగా ఒక్కొక్కరికీ భవంతి కట్టడానికి కొండవాలు మీద స్థలం లేదు, అంత ఖర్చు పెట్టేవాళ్లూ లేరు.

ఈ చిక్కుకి దారి చూపించినవాళ్లలో ముఖ్యుడు జాన్ వుడ్. తండ్రీకొడుకులిద్దరి పేరూ అదే కాబట్టి పెద్ద వుడ్, చిన్న వుడ్ అంటారు. పెద్ద వుడ్ 1728లో క్వీన్ స్క్వేర్ మొదలుపెట్టాడు. దాని ఉత్తరపు వరసలో ఉన్నవి విడివిడి ఇళ్లే. ఎదురుగా నిలబడి చూస్తే మాత్రం మధ్యలో త్రికోణపు శిఖరంతో ఒకే రాజప్రాసాదంలా ఉంటుంది. ఒక్కొక్కరూ ఒక ముక్క కొనుక్కుంటే అందరికీ కలిపి ఒక కోట దక్కుతుందన్నమాట. ఇదే ఆలోచనను కొడుకు రాయల్ క్రెసెంట్‌లో చివరికంటా తీసుకెళ్లాడు.

క్రెసెంట్ అంటే నెలవంక. 1767లో పని మొదలై 1775కల్లా పూర్తయింది. ముప్పై ఇళ్లు అర్ధ దీర్ఘవృత్తంలో వంపు తిరిగి, కిందికి వాలే పచ్చిక బయలు వైపు చూస్తుంటాయి. పొడవు సుమారు 500 అడుగులు. గ్రౌండ్ ఫ్లోర్ గోడ సాదాగా ఉంటుంది, ఒక్క నగిషీ కూడా ఉండదు. దాని మీద, ఫస్ట్ ఫ్లోర్ మట్టం నుంచి, రెండు అంతస్తులను కలుపుతూ పెద్ద పెద్ద అయోనిక్ స్తంభాలు లేస్తాయి. మొత్తం 114. ఒక్కొక్కదాని వ్యాసం 30 అంగుళాలు. విడిగా నిలబడినవి కావు, గోడకు అతుక్కుని ఉన్నవి. పైన కార్నిస్, దాని మీద పిట్టగోడ. పిట్టగోడ చాటున కప్పు.

స్తంభాలు రెండు అంతస్తులకు కలిపి ఎందుకు? దీనికి జవాబు పక్క వీధిలోనే ఉంది. తండ్రి డిజైన్ చేసిన సర్కస్ అనే ఇళ్ల వలయం అక్కడుంది. (సింహాలూ బఫూన్లూ ఉండరు. లాటిన్‌లో సర్కస్ అంటే వలయం.) అందులో 33 ఇళ్లు. అంతస్తుకో రకం స్తంభాల జతలు: కింద డోరిక్, మధ్యలో అయోనిక్, పైన కొరింథియన్. చూడగానే కన్ను ఒకటి, రెండు, మూడు అని అంతస్తులు లెక్కపెట్టేస్తుంది. ఎత్తు ఎంతో మనకు తెలిసిపోతుంది. కొడుకు ఆ లెక్క పెట్టనివ్వలేదు. రెండు అంతస్తులను ఒకే స్తంభం మింగేసరికి మన కన్ను అంతస్తుల్ని వదిలేసి స్తంభాలను కొలుస్తుంది, కట్టడం ఉన్నదానికంటే గంభీరంగా కనిపిస్తుంది. మన సినిమా వాళ్లు హీరోకి ఎలివేషన్ ఇవ్వడం అంటారే, అచ్చం అది.

ఇంకో లెక్క చూడండి. 114ని 30తో భాగిస్తే 3.8 వస్తుంది. ఇంటికి ఇన్ని స్తంభాలు అని సమంగా పంచలేం. మధ్య ఇంటి దగ్గర స్తంభాలు జతలుగా వస్తాయి. ఆ వరస, ఆ లయ పడింది ఇళ్ల కోసం కాదు, లేని ఒక ప్రాసాదం కోసం. ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ముందు గోడ మీద ఎక్కడా రాసి ఉండదు. తలుపులే గుర్తు. అవీ అన్నిచోట్లా నమ్మదగ్గవి కావు, ఎందుకంటే బయటికి రెండిళ్లలా కనిపించేది లోపల ఒకటే అయిన సందర్భాలూ ఉన్నాయి.

అలా ఎందుకైందో తెలియాలంటే అమ్మకం ఎలా జరిగిందో చూడాలి. అసలు కథ ఇక్కడే ఉంది. చిన్న వుడ్ ముప్పై ఇళ్లు డిజైన్ చేయలేదు. ముందు గోడ ఒక్కటే డిజైన్ చేశాడు. కొనేవాడు ఆ ముఖభాగంలో తనకు కావలసినంత పొడవు కొనుక్కుంటాడు. ముందు భాగం వుడ్ డ్రాయింగ్ ప్రకారం తు.చ. తప్పకుండా ఉండాలి. వెనకాల ఎన్ని గదులు, ఏ గది ఎక్కడ, మెట్లు ఎటు, కప్పు ఎంత ఎత్తు అన్నది కొనేవాడి ఇష్టం. తన ఆర్కిటెక్టును తనే పెట్టుకుంటాడు. మన సీఎస్‌ఈ మిత్రులకు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: ఇంటర్‌ఫేస్ ఫిక్స్, ఇంప్లిమెంటేషన్ ఎవరిది వాళ్లది.

అందుకే క్రెసెంట్ వెనక వైపు చూడాలి. టూరిస్టులు దాదాపు ఎవరూ అటు పోరు. ముందు వైపంతా నున్నగా చెక్కిన తేనెరంగు బాత్ రాయి. గనిలోంచి తీసిన కొత్తలో ఈ సున్నపురాయి మెత్తగా ఉండి రంపంతో కోసినా తెగుతుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. అలాంటి రాయి చేతిలో ఉంటే ఏ మేస్త్రీకైనా చెయ్యి తిరుగుతుంది. వెనక వైపు మాత్రం గరుకు రాళ్ల కట్టుబడి. ఒక ఇంటి కప్పు పక్కదానికంటే ఎత్తు, ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటే ఇంకోటి లోపలికి. కిటికీలు ఒక వరసలో ఉండవు. పైపులు, తర్వాత్తర్వాత కలిపిన గదులు, పొగగొట్టాలు. ముప్పై కుటుంబాల అవసరాలూ బడ్జెట్లూ అక్కడ బయటపడతాయి. నాకు ముందు కంటే వెనకే ఎక్కువ నచ్చిందని చెబితే మా సెక్షన్‌లో నవ్వారు. నవ్వనీ.

వెనక వైపు చూసి ముందుదంతా మోసం అనేవాళ్లున్నారు. నేను అలా అనుకోను. ముందు గోడ వీధిలో నడిచేవాళ్లందరిదీ, వెనక గోడ ఇంటివాడిదీ అని ముప్పై మంది కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మన కాలనీల్లో పక్కింటి బాల్కనీ అడుగు ముందుకొచ్చిందని మనం ఇంకో అడుగు ముందుకొస్తాం.

ఇక ప్లాన్ గీసేటప్పుడు వచ్చే తమాషా ఒకటుంది. ముఖభాగం వంపు లోపలి వైపు ఉంది కదా, ఉమ్మడి గోడలు వెనక్కి వెళ్లేకొద్దీ విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. అంటే ప్రతి ఇల్లూ ముందు ఇరుకు, వెనక వెడల్పు. లోపలి గదులు మాత్రం చతురస్రంగా, దీర్ఘచతురస్రంగా కనిపించాలి, ఎందుకంటే అప్పటి ఫర్నిచర్, గోడ ప్యానెళ్లు అన్నీ లంబకోణాన్ని నమ్ముకున్నవి. మిగిలిన ఆ కోణపు తేడాను అల్మరాల వెనక, గోడ మందంలో, మెట్ల గది మూలల్లో సర్దాలి. ఆటోక్యాడ్ ఉన్న మనకే తిక్క పుట్టించే పని.

ఇంటిని నిలువుగా కోసి సెక్షన్ గీస్తే అప్పటి సమాజం కూడా అందులో పడుతుంది. అన్నిటికంటే కింద సెల్లార్. సరుకులూ వంటపనీ పనివాళ్లూ ఉండేది ఆ మట్టంలో. సెల్లార్‌కి వెలుతురు రావడానికి వీధికీ ఇంటి గోడకీ మధ్య ఒక గొయ్యి వదులుతారు, దాని చుట్టూ ఇనప రెయిలింగ్. దాన్ని వాళ్లు ఏరియా అంటారు. ఫుట్‌పాత్ కింద కమాను కప్పులతో బొగ్గు నిల్వ చేసే గదులు. చాలా టెర్రస్‌లలో ఫుట్‌పాత్‌లోనే గుండ్రటి ఇనప మూత ఉంటుంది, బొగ్గు బండివాడు మూత తీసి బస్తా అందులోకే దిమ్మరించి పోతాడు. ఇంట్లోకి అడుగు పెట్టడు, తివాచీకి మసి అంటదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో భోజనాల గది. ఫస్ట్ ఫ్లోర్‌లో డ్రాయింగ్ రూమ్, అతిథులు కూర్చునేది, అన్నిటికంటే ఎత్తు ఉన్నది. ఆపైన పడకగదులు. కప్పు కింద అటక గదుల్లో మళ్లీ పనివాళ్లు. అంటే పనమ్మాయి బతుకు సెల్లార్‌లో మొదలై అటకలో ముగుస్తుంది. మధ్యలో ఉన్న మూడు అంతస్తులూ ఆమె నీళ్లూ బొగ్గులూ మోయడానికి దాటే మెట్లు. ఆ మెట్లు కూడా చాలా ఇళ్లలో వేరే, ఇరుగ్గా, యజమానుల కంట పడకుండా ఉండేవి.

ఈ సంగతి బయట నుంచి కూడా చదవొచ్చు. ఆ కాలపు ఇళ్లలో, అంటే నలుగురు జార్జి రాజుల పేరు మీద జార్జియన్ అని పిలిచే 1714-1830 మధ్య ఇళ్లలో, కిటికీ వెడల్పు అన్ని అంతస్తుల్లో ఇంచుమించు ఒకటే. మారేది ఎత్తు. ఫస్ట్ ఫ్లోర్‌లో పొడుగ్గా, పైకి పోయేకొద్దీ పొట్టిగా, చివరికి చదరంగా. కిటికీ ఎత్తు చూసి ఆ గదిలో ఎవరుంటారో చెప్పేయొచ్చు.

కిటికీ గురించి ఇంకొంచెం చెప్పకుండా ఉండలేను, మెకానికల్ వాళ్లు క్షమించరు. అవి మనలా రెక్కలు తెరిచే కిటికీలు కావు, పైకీ కిందికీ జరిగేవి. రెండు చట్రాలు, ఒకదాని ముందు ఒకటి. చట్రానికి రెండు పక్కలా తాడు కట్టి, కప్పీ మీదుగా తిప్పి, పక్కనున్న చెక్కపెట్టె లోపల బరువు వేలాడదీస్తారు. రెండు బరువులూ కలిసి చట్రం బరువుకు సరితూగుతాయి, కాబట్టి చిటికెన వేలితో ఎత్తినా లేస్తుంది, ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. అనుభవమున్న వడ్రంగి లెక్క సరిగ్గా సమం చెయ్యడు. పై చట్రానికి బరువు కాస్త ఎక్కువ వేస్తాడు, అది పైకే నొక్కుకుని ఉండాలని. కింది చట్రానికి కాస్త తక్కువ, అది కిందికే మూసుకుని ఉండాలని. అద్దాలు చిన్న చిన్న గళ్లుగా ఉండటానికి కారణం అందం ఒక్కటే కాదు. గాజును ఊది, గిరగిరా తిప్పి పళ్లెంలా పరిచి, అందులోంచి పలకలు కోసేవాళ్లు. పెద్ద పలక రాదు. పాత గాజు ఉన్న కిటికీలో ఆకాశం కొద్దిగా అలలుగా కనిపించేది అందుకే. రాయల్ క్రెసెంట్‌లో 19వ శతాబ్దపు యజమానులు చాలామంది బయట పచ్చిక ఇంకా బాగా కనపడాలని ఫస్ట్ ఫ్లోర్ కిటికీల గడపలు కిందికి దించేశారు. ఉమ్మడి ముఖభాగం నియమాన్ని మొదట కొరికింది వాళ్లే.

ఇంటికీ ఇంటికీ మధ్య ఉమ్మడి గోడ సంగతికి వద్దాం. ఇది లండన్ నేర్పిన పాఠం. 1666 అగ్నిప్రమాదంలో ఆ నగరం చాలా భాగం బూడిదయ్యాక, 1667 చట్టం ఇళ్లు ఇటుకతోనో రాతితోనో కట్టాలంది, గోడల మందం కూడా చెప్పింది. 1707లో చూరు కింద చెక్క కార్నిస్ వద్దన్నారు. దాంతో ముందు గోడ కప్పును దాటి పైకి లేచి పిట్టగోడ అయింది. 1709లో కిటికీ చట్రం గోడ ముఖానికి 4 అంగుళాలు లోపలికి ఉండాలన్నారు, మంట పక్క చెక్కను అందుకోకుండా. ఈ చట్టాలు లండన్‌కే వర్తించినా వాటి రూపం ఫ్యాషన్‌గా మిగతా ఊళ్లకు పాకింది. మనం ఇవాళ "అబ్బ, ఏం గ్రేస్‌ఫుల్ లైన్స్" అనుకునే పిట్టగోడ, లోతుగా కూర్చున్న కిటికీ ఫైర్ సేఫ్టీ నిబంధనల పిల్లలు. కోడ్ బుక్ చదవడం బోరు అనేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలనుకుంటా.

పొయ్యిల పొగగొట్టాలు ఈ ఉమ్మడి గోడల్లోంచే పైకి పోతాయి. కాబట్టి టెర్రస్‌లో ఇళ్లు లెక్కపెట్టాలంటే స్తంభాలు చూడకూడదు, తల ఎత్తి పొగగొట్టాల గుంపులు చూడాలి.

లండన్ టెర్రస్‌లలో కట్టుబడి ఎప్పుడూ నాణ్యంగా ఉండేది కాదు. బిల్డర్ భూస్వామి దగ్గర స్థలం లీజుకు తీసుకుంటాడు, తరచూ 99 ఏళ్లకు. ఇంటి డొక్క లేపి, త్వరగా అమ్మేసి, ఆ డబ్బుతో పక్క ప్లాటు మొదలుపెట్టాలి. ఖరీదైన ఇటుక ముందు వరసకే, లోపల నాసిరకం. ముందు వరసను వెనక వరసతో కలపాల్సిన అడ్డ ఇటుకలను సగానికి విరిచి, బయటికి పూర్తి ఇటుకలా కనిపించేట్టు పెట్టేవాళ్లు. పైన పటారం లోన లొటారం అనే సామెతను ఇంత కచ్చితంగా అమలు చేసిన కట్టడం నేను వేరే చూడలేదు. బాండ్ లేని గోడ కాలం గడిచేకొద్దీ కడుపు ముందుకు వస్తుంది. పాత ఇళ్ల ముందు గోడల మీద అక్కడక్కడా గుండ్రటి ఇనప బిళ్లలు కనిపిస్తాయే, అవి అలంకారం కాదు. లోపలి దూలాలకో, పక్క గోడకో ఇనప కడ్డీ వేసి ఉబ్బిన గోడను పట్టి ఉంచే బిళ్లలు.

ఇంత డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్న కూడా ఎలివేషన్‌లో కనపడదు. సర్కస్‌లో 14వ నంబరు ఇంట్లో రాబర్ట్ క్లైవ్ ఉన్నాడు. ఆ పేరు మన ఎనిమిదో తరగతి సోషల్ నుంచే తెలుసు. 1765లో మొఘల్ చక్రవర్తి రెండో షా ఆలం నుంచి బెంగాల్ దివానీ తెచ్చుకున్నవాడు. అప్పుడే ఉత్తర సర్కారుల మీద కూడా కంపెనీ పేరిట ఫర్మానా రాయించుకున్నాడు. చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు, అంటే మనలో చాలామంది సొంత ఊళ్లు. అతని సంపద బెంగాల్‌లో పోగైంది, మన జిల్లాల్లో కాదు. అయినా సర్కారులు రాయించుకున్నవాడు సర్కస్‌లో చేరాడన్నది చదివాక ఆ వలయం ఫోటో నాకు మునుపటిలా కనిపించడం లేదు. స్తంభాల అందం తగ్గలేదు. ఆ వరసలు చూస్తుంటే ఇప్పుడు ఇంకో లెక్క కూడా నడుస్తుంటుంది, అంతే.

క్రెసెంట్ ముందున్న పచ్చికలో ఇంకో తెలివైన దాపరికం ఉంది. దిగువన పశువులు మేసేవి. అవి ఇళ్ల దగ్గరికి రాకూడదు, అలాగని కంచె వేస్తే చూపు పాడవుతుంది. అందుకని నేలలో కందకం తవ్వి, దాని ఒక పక్క నిటారుగా గోడ కట్టారు. గోడ పైఅంచు పచ్చిక మట్టానికే ఉంటుంది. ఇంటి కిటికీలోంచి చూస్తే గోడా లేదు, కందకమూ లేదు, పచ్చిక అలా సాగిపోయినట్టే ఉంటుంది. దీని పేరు హా-హా. నిజంగా అదే పేరు.

1942 ఏప్రిల్‌లో జర్మన్ విమానాలు బాత్ మీద బాంబులు వేసినప్పుడు క్రెసెంట్‌లో రెండు ఇళ్లు లోపల కాలిపోయాయి. తర్వాత తిరిగి కట్టుకున్నారు. ఇప్పుడు ముప్పైలో చాలా ఇళ్లు ఫ్లాట్లుగా విడిపోయాయి. 1వ నంబరు మ్యూజియం, 16వ నంబరు హోటల్. లోపల ఇంత మారినా బయటికి ఆ ఒప్పందం అలాగే ఉంది, ఇప్పుడు దాన్ని కాపాడేది చట్టం. క్రెసెంట్ మొత్తం గ్రేడ్ వన్ రక్షిత కట్టడం. 1987 నుంచి బాత్ నగరమే ప్రపంచ వారసత్వ ప్రదేశం.

ఆ ఒప్పందం ఎంత వరకు అన్నదాని మీద 1970లలో ఒక గొడవ జరిగింది. 22వ నంబరు ఇంటావిడ తన ముందు తలుపుకి పసుపు రంగు వేయించింది. మిగతావన్నీ తెలుపు. తెలుపు వెయ్యమని కౌన్సిల్ నోటీసు ఇచ్చింది, ఆమె వెయ్యనంది. విచారణలు జరిగాయి, వ్యవహారం మంత్రి దాకా వెళ్లింది. ముందు గోడ అందరిదీ అంటే తలుపు రంగు కూడా అందరిదేనా? నేనైతే కౌన్సిల్ వైపే మొగ్గుతాను. ముప్పై మంది ఒప్పుకున్న వరసలో ఒకరు తప్పుకోవడం మొదలైతే ఆ వరసకు అర్థం పోతుంది. మా రూమ్మేట్ ఒప్పుకోడు. జార్జియన్ కాలంలో అందరూ తెల్ల తలుపులే వేశారని ఎవరు చెప్పారు, వెనక గోడకున్న స్వేచ్ఛలో పిసరంత ముందు తలుపుకి ఇస్తే ఏం పోతుంది అంటాడు. మంత్రి మా రూమ్మేట్ వైపే తీర్పిచ్చాడు. తలుపు పసుపుగానే ఉండిపోయింది. స్ట్రీట్ వ్యూ తెరిస్తే ఎడమ నుంచి కుడికి జరుపుతూ పోండి, దానికోసం వెతకక్కర్లేదు, అదే కనపడుతుంది. అది చూశాక వెనక వీధికి కూడా ఒకసారి వెళ్లి రండి.